అజీజున్నీసా అరచేతులు

పెనుకొండలో పిల్లలకు ఒళ్లు కాలితే తల్లులు ముందు మజ్జిగ చిలికేవాళ్లు. ఆ మజ్జిగ పిల్లలకు కాదు. ముంతలో పోసి, పైన ఆకు మూసి, పిల్లను చంకనేసుకుని ధర్మవరం రోడ్డు మీదున్న గఫార్ షెడ్డు వెనకింటికి పోయేవాళ్లు. గఫార్ మోటారు మెకానిక్కు. ఆయన భార్య అజీజున్నీసా చేస్తున్న పని పక్కన పెట్టి, చేతులు పమిటకు తుడుచుకుని, పిల్ల నొసటి మీద అరచెయ్యి ఆనించేది. కాసేపటికి జ్వరం ఆమె చేతిలోకి వచ్చేసేది. తల్లి ముంత అక్కడ పెట్టి వెళ్లిపోయేది. వేడి తీసుకున్న చేతికి మజ్జిగ ఇచ్చుకోవాలి, అదొక్కటే పద్ధతి. ఆమె తల్లిదీ ఇదే చెయ్యి, ఇదే మజ్జిగ.

తీసుకున్న వేడి వృథా పోయేది కాదు. పొద్దున్నే జొన్నపిండి కలిపి అరచేతిలోనే రొట్టె తట్టి, అరచేతిలోనే కాల్చేది. చిన్న జ్వరమైతే ఆమెకూ మొగుడికీ సరిపోయేది, చలిజ్వరమైతే పక్కింటికి కూడా పంపేది. బాలింతలకు నీళ్లు కాచి ఇచ్చేది. ముసురు రోజుల్లో దర్జీ తన ఇస్త్రీపెట్టె తెచ్చి ఆమె చేతిలో పెట్టి, అది కాగేదాకా ఊరి కబుర్లు చెబుతూ నిలబడేవాడు. మధ్యాహ్నానికల్లా చేతులు చల్లబడేవి. మళ్లీ ఎవరో ఒకరు ముంతతో వచ్చేవాళ్లు.

గఫార్‌కూ ఆ చేతులతో పనుండేది. మరిగి వచ్చిన బండికి రేడియేటరు మూత తియ్యాలంటే ఎంత పనివాడికైనా భయమే, ఆవిరి మొహాన కొడుతుంది. గఫార్ మాత్రం, "అజీజూ, ఒక తూరి ఇట్ల రా," అని కేకేసేవాడు. ఆమె వచ్చి మూత మీద చెయ్యి పెడితే లోపల గలగల ఆగిపోయేది. ఆయన మూత తీసేవాడు, ఆమె లోపలికి పోయేది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఆమెకు ఒక్క ముంత మజ్జిగ ఇచ్చిన పాపాన పోలేదు. పెళ్లాం చెయ్యే కదా అనుకున్నాడు. మొగుళ్లు అట్లాగే అనుకుంటారు, ఎవరూ అడగరు గనక.

1961 ఎండాకాలం, పెళ్లిళ్ల ముమ్మరంలో, ధర్మవరం పట్టుచీరల షావుకారు గంగాధరప్ప ఒక పాత విలాయతీ కారు కొన్నాడు. బెంగుళూరులో నలుగురి చేతులు మారి, ఐదో మనిషి విసుక్కుని వదిలించుకున్న కారు. పాచి రంగు, గుండ్రటి వీపు, తలుపు వేస్తే బీరువా మూసినంత చప్పుడు. షావుకారు మాత్రం ఊరందరికీ కొత్తదనే చెప్పుకున్నాడు. వెనక సీట్లో చీరల మూటలు పెట్టుకుని, పెనుకొండ మీదుగా హిందూపురం పోయి అంగళ్లకు చీరలిచ్చి, పట్టునూలు తెచ్చుకునేవాడు. పొద్దున చల్లపూట ధర్మవరం నుంచి పెనుకొండ దాకా కారు బాగానే వచ్చేది. పెనుకొండ దాటి, ఎండ ముదిరి, రోడ్డు ఎక్కుడు పట్టిందంటే కుతకుత ఉడికేది.

మొదటిసారి మరిగిన రోజు డ్రైవరు దానియేలు దాన్ని తోయించుకుంటూ వెనక్కి తెచ్చి షెడ్డు ముందు నిలబెట్టాడు.

"యాడ మరిగింది?" అన్నాడు గఫార్.

"ఎక్కుడులోనప్పా. చదునులో ఏమీ అనదు. ఎక్కుడొస్తే సాలు, పొగ లేస్తాది."

"నీళ్లు?"

"ఎన్ని పోసినా తాగతానే ఉంటాది."

గఫార్ ఫ్యాను బెల్టు నొక్కి చూశాడు. వదులుగా ఉంది. బిగించి పంపాడు. మళ్లీ మరిగింది. రబ్బరు గొట్టం మెత్తబడి లోపలికి అతుక్కుంటోందేమోనని దాన్ని మార్చాడు. మళ్లీ మరిగింది. నిప్పురవ్వ ఆలస్యంగా పడుతోందేమోనని టైమింగు సరిచేశాడు. హెడ్డు కింది గ్యాస్కెట్టు పోయిందేమోనని ఆయిలు పుల్ల లాగి చూశాడు. నీళ్లు కలిస్తే ఆయిలు తెల్లబడుతుంది, ఇదేమో శుభ్రంగా ఉంది. ప్రతిసారీ అజీజున్నీసా వచ్చి మూత మీద చెయ్యి పెట్టింది. ప్రతిసారీ షావుకారు రుమాలుతో మెడ తుడుచుకుంటూ ఒకే మాట అన్నాడు.

"వచ్చిన తూరికొక పేరు చెప్తాండావు. నువ్వు మెకానిక్కువా, జోస్యం చెప్పేటోడివా?"

గఫార్ తల గోక్కున్నాడు. ఆయన నిజంగానే ఊహ మీద ఊహ చేస్తున్నాడు, అందులో అబద్ధమేం లేదు.

గుట్టు తెలిసింది అజీజున్నీసాకే. ఒకరోజు మూత మీద నుంచి చెయ్యి తీస్తూ, ఊతం కోసం రేడియేటరు మొహం మీద అరచెయ్యి ఆనించింది. పైన పొయ్యిలా ఉంది. చెయ్యి కిందికి జారింది. నడుమ చల్లగా తగిలింది. ఇంకా కిందికి పోతే ఒక వారగా కొంచెం వేడి, మిగతా అంతా చల్లదనమే.

"ఏమయ్యా, ఇది నడుమ సచ్చిపోయి ఉండాది," అంది. "పైన మండతాండాది, నడుమ కుండలో నీళ్ల మాదిరి సల్లగా ఉండాది. లోపల నీళ్లు యాడ తిరగతాండాయి?"

గఫార్ ఆమెను చూశాడు, రేడియేటరును చూశాడు, కిందకి దూరి నీళ్లు వదిలే చిన్న కుళాయి తిప్పాడు. చుక్క పడలేదు. తీగ పెట్టి కెలికాడు. పసుపుపచ్చని జిగురు ముద్ద ఒకటి జారి మట్టిలో పడింది. ఆ వెనకే పులిసిన వాసన వచ్చింది. ఆ వాసన ఏమిటో ఆడదానికి చెప్పాలా?

"గంజి," అంది అజీజున్నీసా. "పసుపేసిన గంజి."

దానియేలు చూపు దించేసుకున్నాడు. గఫార్ గట్టిగా అడిగేసరికి బయటపెట్టాడు. కారు కొన్న వారానికే రేడియేటరు కారింది. అతుకు వేసేవాడు కారు వదిలిపెట్టి పొమ్మన్నాడు. షావుకారు ఒప్పుకోలేదు. ఆయన అంగట్లో ఎవరో కట్టి విప్పేసిన చీర, రంగు వెలిసిన చీర, నలిగి వెనక్కి వచ్చిన చీర, ఏదొచ్చినా గంజిలో ముంచి, లాగి ఆరేసి, మడత పెడితే కొత్త చీరలా నిక్కి నిలబడుతుంది. ఆ గంజితోనే ఆయన ఇంత వాడయ్యాడు. చీరకు నిలబడింది, కారుకు నిలబడదా అన్నాడట. పడుగుకు పెట్టే చిక్కటి గంజిలో పిడికెడు పసుపు కలిపి రేడియేటరులో పోయించాడు. కారడం నిలిచింది. మళ్లీ కారితే మళ్లీ పోయించాడు. ఇంతకాలమూ అన్నీ తెలిసి, ఏమీ తెలియనట్టు పక్కన నిలబడి, మెకానిక్కును జోస్యగాడని తిట్టాడు. ఇలాంటి మనుషులను చూస్తే ఒళ్లు మండదూ?

గఫార్ మర్యాదగానే చెప్పాడు. "షావుకారూ, రేడియేటరు ఊడదీసి, పెద్ద గంగాళంలో సోడా వేసి ఉడకబెట్టల్ల. గంజంతా ఊడొస్తాది. అప్పుడు అతుకెయ్యల్ల. కారు కొన్నాళ్లు ఈడ ఉండల్ల."

"ముహూర్తాలు ముంచుకొస్తాండాయి. కారు ఈడ పెట్టి నేను మూటలు నెత్తిన మోసేదా?" అన్నాడు గంగాధరప్ప. అప్పుడు ఆయన కళ్లు ఇంటి గుమ్మం వైపు తిరిగాయి. "ఏమప్పా గఫారూ, మీ ఇంటామె చెయ్యి పెడితే సల్లబడతాది గదా? ఆమెను ఎక్కించుకుని పోతాం. ముందర సీటుకు గుడ్డ కట్టిస్తా, గోషాకు లోటేం రాదు. పెండ్లిండ్లు కాంగానే నువ్వు చెప్పినట్ల చేపిద్దాం."

అజీజున్నీసా తలుపు వెనక నిలబడి వింటోంది. మొగుడు కాదంటాడని ఎదురుచూసింది. ఒక్క మాట చాలు. గఫార్ స్పానరు ఒకటి తీసుకుని, తుడిచి, మళ్లీ అదే తుడిచాడు. షెడ్డు ఉన్న జాగా షావుకారు బావమరిదిది. ఆ సంగతి షావుకారు గుర్తు చేయలేదు, చేయవలసిన అవసరం కూడా లేదు.

"సరే షావుకారూ," అన్నాడు గఫార్.

కారు వెళ్లాక ఆమె బయటికొచ్చింది.

"కాదనే మాట నీ నోట్లో లేదా? నీ స్పానరు ఎవరికన్నా ఎరవిచ్చేటప్పుడు కూడా యాడ పారేస్తారో అని రెండు మాట్లు అడగతావే. నన్ను ఒక్క మాట అడగల్లని అనిపించల్యా?"

"కొన్నాళ్లే గదా," అన్నాడు ఆయన, ఆమె మొహంలోకి చూడకుండా.

అలా అజీజున్నీసా కారులో ఒక సామాను అయింది. షావుకారు ముందు సీటుకు వెలిసిపోయిన చీర ఒకటి తెరగా కట్టించాడు. అమ్మడానికి పనికిరానిది కాబట్టే కట్టించాడు. ఇంజనుకూ మనుషులకూ నడుమ అడ్డంగా ఉండే ఇనప రేకు మీద ఆమె రెండు అరచేతులూ ఆనించి, పెనుకొండ నుంచి హిందూపురం దాకా, హిందూపురం నుంచి పెనుకొండ దాకా కూర్చునేది. ఎక్కుడులో కారు ఉఫ్‌మని కూడా అనేది కాదు. షావుకారు వెనక సీట్లో మూటల నడుమ కాళ్లు చాపుకుని, "ఏం బండప్పా! రాయి మాదిరి పోతాండాది," అని మురిసిపోయేవాడు. హిందూపురం అంగళ్ల దగ్గర ఎవరైనా కారును మెచ్చుకుంటే, "బో గట్టి ఇంజను. ఇది నీళ్లు కూడా అడగదు," అనేవాడు. తెర వెనక ఉన్న మనిషి ఊసు ఒక్కసారి రాలేదు.

దానియేలును పిలిచి, "కారును నీడన పెట్టు, రంగు పోతాది," అని మాత్రం చెప్పేవాడు. నీడ దొరికిన రోజు నీడన, దొరకని రోజు ఎండలో, ఆయన బేరాలు తెమిలేదాకా ఆమె అందులోనే కూర్చునేది. పూట గడవని ఇంటివాళ్లు కూడా పక్కింట్లో అడుక్కుని అయినా మజ్జిగ తెచ్చిచ్చిన చెయ్యి అది. పట్టుచీరల షావుకారు చుక్క మజ్జిగ పోయించలేదు. దానియేలు ఒకరోజు ఉండబట్టలేక గ్లాసు సోడా తెచ్చిచ్చాడు. దానికీ భయపడుతూనే తెచ్చాడు.

జ్వరం వేడి వేరు, ఇంజను వేడి వేరు. జ్వరం రొట్టెలతో తీరిపోతుంది. ఇంజను వేడి ఎన్ని రొట్టెలు కాల్చినా తీరలేదు. వీధి వీధంతటికీ నీళ్లు కాచినా తీరలేదు. అరచేతులు కాల్చిన ఇటుక రంగు తిరిగాయి. జడ అల్లుకోబోతే వెంట్రుకలు కమిలి వాసన కొట్టాయి. పక్కన తొట్టి పెట్టుకుని చేతులు నీళ్లలో ముంచి పడుకుంటే, తెల్లారేసరికి తొట్టి అడుగు కనబడేది. చేతులు నిండిపోయాయి. పిల్లలను ఎత్తుకుని వచ్చిన తల్లులకు తలుపు దగ్గరే చేతులు చూపించి, "నిండిపోయినాయమ్మా," అని చెప్పేది. వాళ్లు నొచ్చుకునేవాళ్లు కాదు. తెచ్చిన ముంత అక్కడే పెట్టి, మందు కోసం ఆస్పత్రి దారి పట్టేవాళ్లు. తీసుకోని జ్వరానికి పెట్టిపోయిన ఆ మజ్జిగను చూస్తే ఆమెకు ఏడుపొచ్చేది. తాగలేక మొక్కలకు పోసేది.

ఆ రోజు హిందూపురం నుంచి తిరిగొచ్చేసరికి పొద్దు పడమటికి వాలింది. షెడ్డు ముందు అరుగు మీద నరసమ్మ కూర్చుని ఉంది. బస్సుల దగ్గర ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్ముకునే మనిషి. ఒళ్లో మనవరాలు ఈశ్వరి. తల్లి లేని పిల్ల, ఆ అవ్వకు ఉన్నదల్లా అదే. మామూలుగా బస్సు కండక్టర్లతో కూడా వాదానికి దిగే పిల్ల, ఇప్పుడు కళ్లు మూసుకుని గాలి కోసం ఎగపీలుస్తోంది.

"నిన్నటి నుంచీ ఇట్లే ఉండాది అజీజా," అంది నరసమ్మ. "డాక్టరు తలుపుల అనే ఊరికి పోయినాడంట, రేపు గానీ రాడంట. నీ చేతులు నిండినాయని తెలుసు. ఇంక యాడికి పోయేది? కొంచెమన్నా తీసుకో తల్లీ."

పక్కన ముంత, దాని మీద ఆముదపాకు. అజీజున్నీసా కారు దిగి, మోకాళ్ల మీద కూర్చుని, వేలి కొస పిల్ల నొసటికి తాకించింది. పిల్ల కెవ్వుమంది. తాకినచోట ఎర్రటి మచ్చ లేచింది. వేడి ఇటు రావడానికి బదులు అటు పోయింది. అజీజున్నీసా చెయ్యి వెనక్కి లాక్కుని కారు దగ్గరికి పరిగెత్తింది. అంతవరకు తెర చాటు నుంచి తప్ప షావుకారుతో మాట్లాడని మనిషి, ఇప్పుడు ఎదురుగా నిలబడింది.

"షావుకారూ, కారు వెనక్కి తిప్పండి. పిల్లను హిందూపురం ఆస్పత్రిలో సూపియ్యల్ల. నేను కూచుంటా. యాడా నిలబడకుండా పోతాది."

"ఇప్పుడే గదా ఆడినుంచి వచ్చింది!" గంగాధరప్ప వెనక సీట్లోంచి తల బయటికి పెట్టాడు. "పొద్దు పోతాండాది. కారు నిండా పట్టు ఉండాది. జొరమొచ్చిన పిల్లను దాని మీద పడుకోబెట్టేదా? ఏం జొరమో ఏమో. ఎల్లుండి ఎట్లాగూ పోతాం గదా, అప్పుడు సూద్దాం."

"ఎల్లుండికి ఉంటాదా షావుకారూ పిల్ల?" అంది నరసమ్మ.

"నన్నడిగితే నేనేం చెప్తానమ్మా? ఈమె చెయ్యి పెడితే పోతాది గదా. ఊరందరికీ పెడతాది గదా చెయ్యి. మీకు పెట్టమను."

అజీజున్నీసా ఎండలో కూర్చోబెట్టినందుకు ఊరుకుంది, వెలిసిన గుడ్డ వెనక దాచినందుకు ఊరుకుంది. ఈ మాటకు ఊరుకోలేకపోయింది.

"నా చెయ్యి నా దగ్గర యాడుండాదప్పా?" అంది. "నీ కారు దగ్గర ఉండాది. తీసుకోనిస్తే కదా పెట్టేది."

తర్వాత మొగుడి వైపు తిరిగింది. "బానెట్టు లేపు."

గఫార్ షావుకారును చూశాడు. షెడ్డును చూశాడు. అరుగు మీద ఎగపీలుస్తున్న పిల్లను చూశాడు. చివరికి భార్య చేతులను చూశాడు. ఎన్నో రోజులుగా ఆయన తప్పించుకు తిరుగుతున్న చూపు అది. స్పానరు కింద పెట్టి, వచ్చి, బానెట్టు లేపాడు.

"ఏం చేస్తాండావు గఫారూ?" అన్నాడు షావుకారు.

"ఆమె చెప్పింది చేస్తాండా," అన్నాడు గఫార్. బానెట్టును చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

అజీజున్నీసా రెండు అరచేతులూ ఇంజను మీద ఆనించి కళ్లు మూసుకుంది. ఆ పూట తీసుకున్నది ముందు వదిలింది. తర్వాత అంతకు ముందు రోజుది, ఆ ముందరిది, ఒక్కో ప్రయాణమూ, ఒక్కో ఎక్కుడూ, ఎవరి వేడి వాళ్లకు అప్పజెప్పినట్టు వరసగా వదిలింది. తాళం చెవి దానియేలు జేబులోనే ఉంది. ఆగి ఉన్న ఇంజను గలగలమంది. రేడియేటరు మూత తుపాకీ గుండులా ఎగిరి షెడ్డు కప్పు మీద పడింది. దాని వెనకే గంజి పొంగింది. పసుపుపచ్చటి గంజి, ఉడికి ఉడికి, గోడలకు అంటుకున్నదంతా ఊడి, బుసబుసమంటూ రోడ్డు మీదికి పారింది. వీధికుక్కలు వాసన పట్టి పరిగెత్తుకొచ్చాయి. ఆవిరి కారు లోపలికి కూడా దూరింది. షావుకారు దగ్గుకుంటూ దూకేశాడు. హిందూపురంలో అమ్ముడుపోక తిరిగొచ్చిన కొత్త చీరలు ఆ ఆవిరికి మెత్తబడి, నిక్కుడు తగ్గి, సీటు మీద పాత గుడ్డల్లా వాలిపోయాయి. ఒకదాని అంచు మీద ఎవరిదో తాంబూలం మరక తేలింది. అప్పుడే వచ్చి ఆగిన అనంతపురం బస్సులోని ఆడవాళ్లు కిటికీల్లోంచి చూసి, ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు.

చివర్లో ఇంజను లోపల టప్‌మని ఏదో పగిలింది. ఆ తర్వాత చప్పుడు లేదు.

అజీజున్నీసా చేతులు తీసి చూసుకుంది. మామూలు రంగు తిరిగాయి. చెంపకు ఆనించుకుంటే చల్లగా తగిలాయి. పమిటకు తుడుచుకుని, అరుగెక్కి, ఈశ్వరిని ఒళ్లోకి తీసుకుని నొసటి మీద చెయ్యి పెట్టింది. జ్వరం వచ్చింది. ఇంజను వేడి మోసిన చేతులకు అది ఎంత? రేపటి రొట్టెలకైనా చాలుతుందో లేదో అనిపించింది. అంత కొంచెం వేడి కోసమా ఇంతసేపు ఈ పిల్ల ప్రాణం ఊగిసలాడింది అనుకుంటే మళ్లీ కడుపు మండింది.

ఈశ్వరి కళ్లు తెరిచి, పొగ కక్కుతున్న కారును తేరిపార చూసింది.

"అజీజమ్మా, దానికేమైంది?"

"కడుపు నిండా గంజి తాగింది," అంది అజీజున్నీసా. నరసమ్మ మనవరాలి పాదాలు పట్టుకుని కూర్చుంది.

"గఫారూ! ఏం పోయిందో సూడప్పా!" షావుకారు కారు చుట్టూ తిరుగుతున్నాడు. "నీ పెండ్లాం నా కారును ఏం చేసిందో సూడు!"

"సూసేదేముంది షావుకారూ," అన్నాడు గఫార్. "ఆమె నీది నీకిచ్చింది. ఇంజను పగిలింది. రేడియేటరు మాత్రం ఇప్పుడు శుభ్రంగా ఉంటాది."

"ఈ జాగా ఎవరిదో తెలుసునా నీకు?"

"తెలుసు. ఇంతకాలం అదే తెలుసు నాకు. రేపట్నుంచి ఖాళీ చేస్తా."

చేశాడు కూడా. ఆ నెలాఖరుకు షెడ్డు పోయింది. గఫార్ హిందూపురం రోడ్డులో చింతచెట్టు కింద సామాను పరుచుకున్నాడు, వర్షమొస్తే తడిశాడు. షావుకారు మళ్లీ మూటలు వేసుకుని బస్సెక్కాడు, పెనుకొండలో బస్సు ఆగితే మొహం రెండో వైపు తిప్పుకునేవాడు. కారును కొనేవాడు దొరక్క అది రోడ్డు పక్కనే ఉండిపోయింది. దాని బానెట్టు ఎన్నేళ్లయినా పూర్తిగా చల్లారలేదు. చలికాలం బాలింతలు పసిబిడ్డల గుడ్డలు దాని మీద ఆరేసేవాళ్లు. ఈశ్వరి చదువంతా దాని మీద కూర్చుని చదివింది, ఎదిగి ఆ ఊళ్లోనే పిల్లలకు పాఠాలు చెప్పింది.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ సాయంత్రం నరసమ్మ మనవరాలిని నడిపించుకుని వెళ్లాక, అజీజున్నీసా గడప మీద కూర్చుంది. అలసటకు కళ్లు మూతలు పడుతున్నాయి. లోపల కవ్వం చప్పుడు వినబడింది. ఆ ఇంట్లో కవ్వం ఆమె తప్ప ఎవరూ పట్టరు. ఏమిటా అని తిరిగి చూస్తే, గఫార్ ఆయిలు మరకల చొక్కాతో కుండ ముందు గొంతుక్కూర్చుని, చేతకాక, సగం నేలకు చిందిస్తూ చిలుకుతున్నాడు.

కాసేపటికి ముంత తెచ్చి ఆమె ముందు పెట్టాడు. పైన ఆకు కూడా మూశాడు. నిలబడాలో కూర్చోవాలో తెలియక అక్కడే ఉన్నాడు.

అజీజున్నీసా ఆకు తీసి, రెండు చేతులా ముంత ఎత్తి, సగందాకా తాగి దించింది.

"ఉప్పు ఎయ్యలేదు," అంది.

ఆయన ఉప్పు తేవడానికి లోపలికి పోయాడు.